జారేది మంచు వల్ల, ఆగేది మన వల్ల

గుల్‌మార్గ్‌లో టాక్సీ దిగి, దారి వదిలి మంచులో ఒక్క అడుగు వేయండి. కాలు పిక్క దాకా దిగబడుతుంది. దాన్ని పైకి లాక్కుని రెండో అడుగు వేసేలోపే బూటులోకి మంచు చేరుతుంది. సరిగ్గా అదే మంచు మీద, మీ పక్కనుంచే, ఎనభై కిలోల మనిషి రెండు సన్నని పలకల మీద నిలబడి సర్రున జారిపోతాడు. ఆయన దిగబడడు. ఎవరూ తోయకపోయినా ఆగడు. కాళ్లకు తగిలించుకున్న పలకలు ఇంత తేడా ఎలా తెస్తాయి?

కశ్మీర్ యాత్రకు వెళ్లే మన కుటుంబాలు, శ్రీనగర్‌కు 50 కిలోమీటర్ల దూరంలోని గుల్‌మార్గ్‌కు సాధారణంగా ఒకరోజు కేటాయిస్తాయి. చాలామంది గొండోలా (కేబుల్ కారు) ఎక్కి, ఫొటోలు దిగి, కహ్వా తాగి తిరిగొస్తారు. కొందరు మాత్రం ఆ పలకలు, అంటే స్కీలు అద్దెకు తీసుకుని, ఒక శిక్షకుడిని మాట్లాడుకుని, రోజంతా పడుతూ లేస్తూ గడుపుతారు. సియాటెల్‌లోనో డెన్వర్‌లోనో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లకైతే ఇది చలికాలపు వారాంతం సరదా. ఎక్కడ నేర్చుకున్నా మొదటిరోజు తీరు ఒకటే: కదలడం క్షణంలో వచ్చేస్తుంది, ఆగడం సాయంత్రానికి గానీ పట్టుబడదు. ఎందుకలాగో తెలియాలంటే పొద్దున్నే బూటు బిగించిన దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఎందుకు దిగబడం?

ముందు తేలిక లెక్క. కొత్తగా కురిసిన మంచులో తొంభై శాతానికి పైగా గాలే. 70 కిలోల మనిషి నడుస్తున్నప్పుడు ప్రతి అడుగులోనూ బరువంతా ఒక్క పాదం మీద పడుతుంది. బూటు అడుగు వైశాల్యం సుమారు 250 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మంచు 280 గ్రాములు మోయాలి. గాలి గదులతో నిండిన ఆ కట్టడం అంత బరువుకు కూలిపోతుంది.

అదే మనిషి స్కీలు తొడిగితే బరువు రెండింటి మీదా కలిపి దాదాపు 2,500 చదరపు సెంటీమీటర్లకు పరుచుకుంటుంది. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద పడేది 28 గ్రాములే, అంటే పదో వంతు. జనం మెట్టిన, యంత్రంతో చదును చేసిన అభ్యాసపు వాలులో మంచు మరింత గట్టిగా ఉంటుంది కాబట్టి అక్కడ స్కీ దాదాపు పైపైనే నిలుస్తుంది.

మంచు రేణువులకు ఇంకో గుణం ఉంది. ఒకదానికొకటి ఒత్తుకుంటే తాకినచోట అతుక్కుపోతాయి. కరిగే ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉన్న ఏ పదార్థమైనా కొంతవరకూ ఇలాగే చేస్తుంది. చదును చేసిన వాలు రాత్రికి రాత్రే గట్టిపడేది ఈ అతుకుల వల్లే. కొత్తవాళ్లకు ఇది మొదట ఎదురయ్యేది బూటు అడుగున. నాలుగడుగులు నడిచేసరికి అక్కడ మంచు ఉండకట్టి గట్టిపడుతుంది. స్కీ మీద ముందు బొటనవేలి వైపు దూర్చి, మడమను కిందికి నొక్కితే ‘టక్’మని బూటును పట్టుకోవాల్సిన క్లిప్పు (బైండింగ్) ఎంత తొక్కినా పట్టుకోదు. శిక్షకుడు వచ్చి, చేతికర్ర కొసతో బూటు అడుగు గీకి ఆ ఉండ రాల్చేస్తాడు. ఈసారి ఒక్క తొక్కుకే ‘టక్’మంటుంది.

జారడానికి నీరెక్కడిది?

ఇక అసలు చిక్కుముడి. ఘనపదార్థం మీద ఘనపదార్థం ఇంత సులువుగా ఎలా జారుతుంది? చాలామంది బడిలో నేర్చుకున్న జవాబు: పైనుంచి పడే ఒత్తిడికి మంచు కరిగి నీరవుతుంది, ఆ నీటి మీద జారతాం. ఒత్తిడి పెరిగితే మంచు కరిగే ఉష్ణోగ్రత తగ్గే మాట నిజమే. కానీ ఒక్క డిగ్రీ తగ్గాలంటే మామూలు వాతావరణ పీడనానికి 130 రెట్లకు మించిన ఒత్తిడి కావాలి. స్కీ కింద ఉన్నది అందులో ఏ మూలకూ చాలదు. బరువంతా రేణువుల కొసల మీదే పడుతుంది కదా అని వంద రెట్లు పెంచి చూసినా డిగ్రీలో పదో వంతు కూడా తగ్గదు. మైనస్ అయిదు డిగ్రీల్లో కూడా హాయిగా జారుతున్నామంటే కారణం వేరే ఉండాలి.

ఆ కారణం చాలావరకు జారడంలోనే ఉంది. స్కీ కదిలితే మంచుతో రాపిడి, రాపిడితో వేడి పుడతాయి. 70 కిలోల మనిషి సెకనుకు 5 మీటర్ల వేగంతో జారితే పుట్టే వేడి సుమారు 170 వాట్లు, అంటే రెండు ఫ్యాన్లు తిప్పేంత శక్తి. అది మొత్తం మంచును కరిగించడానికే పోయినా సెకనుకు అర గ్రాము నీరు వస్తుంది. చూడటానికి ఏమాత్రం లేదు. కానీ రేణువుల కొసల మీద మీటరులో పది లక్షలో వంతు మందపు పొర ఏర్పడినా చాలు, ఘర్షణ పడిపోతుంది.

చలి మరీ ముదిరితే ఈ ఏర్పాటు దెబ్బతింటుంది. పుట్టిన వేడి కరిగించడానికి చాలక చుట్టూ ఉన్న మంచులోకి పోతుంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అంటార్కిటికాలో స్లెడ్జీలు లాగిన అన్వేషకులు, విపరీతమైన చలిలో మంచు ఇసుకలా పట్టేస్తోందని రాసుకున్నది అందుకే.

| జారుడు గుట్టు: ఎవరేం చెప్పారు? |
|---|
| 1849: ఒత్తిడి పెరిగితే మంచు కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుందని జేమ్స్ థామ్సన్ లెక్కగట్టాడు. తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా పేరుపొందిన ఆయన తమ్ముడు విలియం దాన్ని ప్రయోగంతో నిరూపించాడు. |
| 1850: రెండు మంచు ముక్కలు తాకించగానే అతుక్కోవడం చూసి, గడ్డకట్టే చలిలో కూడా మంచు ఉపరితలం మీద పలుచని ద్రవపు పొర ఉంటుందని మైకేల్ ఫారడే ఊహించాడు. |
| 1886: ఐస్ స్కేటు జారడానికి కారణం ఒత్తిడేనని జాన్ జోలీ వాదించాడు. పాఠ్యపుస్తకాల్లో ఈ వివరణే చాలాకాలం నిలిచిపోయింది. |
| 1939: స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రావ్‌యోక్ కనుమ దగ్గర మంచు గుహలో బౌడెన్, హ్యూస్ ప్రయోగాలు చేసి, కరిగించేది రాపిడి వేడేనని చూపారు. వేడిని త్వరగా లాగేసుకునే లోహం సరిగా జారలేదు, వేడిని పట్టి ఉంచే ఎబొనైట్ బాగా జారింది. |
| 2018: ఉపరితలంలోని నీటి అణువులకు కింది అణువులతో బంధాలు తక్కువ కాబట్టి అవి అటూ ఇటూ సులువుగా కదులుతాయని, ఉక్కు ఐసు మీద అన్నిటికంటే బాగా జారేది మైనస్ 7 డిగ్రీల దగ్గరని నెదర్లాండ్స్, జర్మనీ శాస్త్రవేత్తలు ప్రయోగాలతో తేల్చారు. |

పలక అడుగున ఏముంది?

స్కీ అడుగున ఉండేది చాలా పొడవైన అణువులున్న పాలిథీన్. పాల ప్యాకెట్ ప్లాస్టిక్ కూడా ఈ కుటుంబంలోదే. మోకీలు మార్పిడి శస్త్రచికిత్సలో రెండు లోహపు భాగాల మధ్య అమర్చే అరుగుదల తట్టుకునే పలక కూడా ఇదే రకం ప్లాస్టిక్. దీనికి నీరంటే పడదు, వేడిని త్వరగా పోనివ్వదు. ఈ రెండు గుణాలూ స్కీకి కావలసినవే. దాని మీద మైనం పూస్తే నీరు మరింత దూరంగా ఉంటుంది. ఒకప్పుడు పోటీల్లో ఫ్లోరిన్ కలిపిన మైనం వాడేవారు. ఆ రసాయనాలు నేలలో, నీటిలో ఏళ్ల తరబడి విచ్ఛిన్నం కాకుండా ఉండిపోతాయి కాబట్టి 2023-24 సీజన్ నుంచి అంతర్జాతీయ స్కీ సమాఖ్య పోటీల్లో వాటిని నిషేధించారు.

వీటన్నిటి ఫలితంగా స్కీకి, మంచుకు మధ్య ఘర్షణ ఎంత తగ్గిపోతుందంటే, మూడు నాలుగు డిగ్రీల వాలు చాలు, మనిషి తనంతట తానే కదిలిపోతాడు. కంటికి చదునుగా కనిపించే చోట కూడా అంత వాలు ఉండొచ్చు. ‘నేనేమీ చేయలేదు, అదే పోతోంది’ అని కొత్తవాళ్లు కంగారుపడేది ఇక్కడే. ఓ మోస్తరు వాలులో ఆపకుండా ఒక అంతస్తు ఎత్తు, అంటే 3 మీటర్లు కిందికి దిగితే చాలు, వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటుతుంది. అది పరుగందుకున్న మనిషి వేగం. కాకపోతే ఇక్కడ కాళ్లు ఆడించి ఆగే వీలుండదు.

పిజ్జా అంటే బ్రేకు

అందుకే శిక్షకులు ముందు ఆపడం నేర్పుతారు. ‘పిజ్జా, పిజ్జా!’ అని అరుస్తుంటారు. స్కీల ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెడితే పిజ్జా ముక్క ఆకారం వస్తుంది. అలా పెట్టగానే ఒకేసారి రెండు పనులు జరుగుతాయి.

మొదటిది, స్కీలు మనం వెళ్లే దిశకు ఏటవాలుగా తిరుగుతాయి. స్కీ నిలువునా చక్కగా జారుతుంది గానీ అడ్డంగా జరగాలంటే ఎదురుగా ఉన్న మంచును నెట్టాలి. రెండోది, కాళ్లు ఎడం కాగానే మోకాళ్లు కాస్త లోపలికి మొగ్గి, స్కీలు లోపలి అంచుల మీదికి ఒరుగుతాయి. ఆ అంచుల పొడవునా సన్నని ఉక్కు పట్టీ ఉంటుంది. బల్లపరుపుగా ఉన్నంతసేపూ దాని పని లేదు. ఒరగగానే అది మంచులోకి దిగి గీకడం మొదలుపెడుతుంది. కిందికి దిగుతూ సంపాదించిన శక్తి మంచును చెక్కి పక్కకు నెట్టడంలో ఖర్చయిపోతుంది. కాళ్లు ఎంత ఎడం చేస్తే, అంచు ఎంత ఒరిగితే బ్రేకు అంత గట్టిగా పడుతుంది. ఆగిన తర్వాత వెనక్కి తిరిగి చూస్తే, పైన సన్నగా మొదలై కిందికి వచ్చేకొద్దీ వెడల్పయిన గీకుడు జాడలు కనిపిస్తాయి.

తిరగడం కూడా ఇందులోంచే వస్తుంది. పిజ్జా ఆకారంలో కుడి స్కీ ఎడమవైపు చూస్తుంటుంది, ఎడమ స్కీ కుడివైపు. బరువు కుడికాలి మీద వేస్తే కుడి స్కీ మాట చెల్లుతుంది, మనిషి ఎడమకు తిరుగుతాడు. ఎడమకాలి మీద వేస్తే కుడికి. ఎటు తిరగాలంటే అటు ఒరగడం మన అలవాటు. ఇక్కడ అవతలి కాలి మీద బరువు వేయాలి. అందుకే మొదటి గంటలో చెట్టును తప్పించుకోబోయి చెట్టువైపే వెళ్లేవాళ్లు ఎక్కువ.

అలవాటుపడ్డవాళ్లు పిజ్జా మానేసి స్కీలను సమాంతరంగానే ఉంచి తిరుగుతారు. దానికి స్కీ ఆకారం తోడ్పడుతుంది. ముందూ వెనకా వెడల్పు, నడుము సన్నం. ఒరిగించి నొక్కితే నడుము కిందికి వంగి, స్కీ వంపు తిరిగిన గీతను మంచులో కోసుకుంటూ పోతుంది. 1993లో స్లొవేనియాకు చెందిన ఎలాన్ సంస్థ నడుము బాగా సన్నగా ఉన్న స్కీలను తెచ్చింది. ఆ తర్వాత ఈ ఆకారమే అన్నిచోట్లా స్థిరపడింది. కొత్తవాళ్లకు తిరగడం సులువు కావడానికి ఇది పెద్ద కారణం. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ తరఫున ఒంటరిగా పాల్గొన్న ఆరిఫ్ ఖాన్ గుల్‌మార్గ్ వాలుల్లో తయారైన క్రీడాకారుడే. ఆయన పోటీపడిన స్లాలమ్, జెయింట్ స్లాలమ్‌లు రెండూ మలుపులు తిరుగుతూ దిగే పోటీలు కాబట్టి ఈ అంచుల నేర్పు మీద నడిచేవే.

భయపడితే ఎందుకు పడతాం?

వాలు చూడగానే ఒళ్లు తనంతట తానే వెనక్కి వాలుతుంది. ఇది జన్మతో వచ్చిన జాగ్రత్త. కళ్లు, లోపలి చెవి, పాదాలు పంపే సమాచారంతో మెదడు మనల్ని నిటారుగా నిలబెడుతుంది. నేల మీద నిలబడినప్పుడు చీలమండలు క్షణక్షణం చేసే చిన్న చిన్న సర్దుబాట్లతోనే బ్యాలెన్స్ కుదురుతుంది. స్కీ బూటు గట్టి ప్లాస్టిక్ డొప్ప. నాలుగు బకిల్స్ బిగించాక చీలమండకు పక్కలకు కదిలే స్వేచ్ఛ ఉండదు. రోజూ వాడే సాధనం లాగేసుకోవడంతో మెదడు కాసేపు తికమకపడుతుంది. మోకాళ్లు, తుంటి ఆ పని అందుకోవడానికి కొన్ని గంటలు పడుతుంది. తొలి గంటలో బొమ్మలా బిగుసుకుపోయినవాళ్లు మధ్యాహ్నానికి కాస్త కుదురుకోవడం వెనక సంగతి ఇదే.

మరి వెనక్కి వాలితే ఏమవుతుంది? బరువు స్కీల వెనక కొసల మీదికి పోయి, ముందు భాగం తేలికవుతుంది. దారి చూపేది ముందు భాగమే కాబట్టి అది మంచును పట్టుకోకపోతే పిజ్జా పెట్టినా పట్టు దొరకదు, బరువు మార్చినా తిరగదు. ఆగలేకపోవడంతో భయం, భయంతో మరింత వాలడం, దాంతో మరింత వేగం. ఈ గొలుసు తెంచడానికే శిక్షకుడు పిక్క ముందుండే ఎముకను బూటు ముందుభాగానికి ఆనించమంటాడు. ఆనించి ఉంచితే బరువు స్కీ మధ్యలోకి వస్తుంది. భూమికి నిటారుగా కాకుండా వాలుకు నిటారుగా నిలబడాలి. కొండ దిగువకు ఒరగడమంటే ప్రాణం ఒప్పుకోదు. కానీ పట్టు దొరికేది అక్కడే.

పడితే కాపాడేది

పడకుండా ఎవరూ నేర్చుకోలేరు. నార్వే నుంచి అమెరికా వెళ్లి ఆరెగాన్‌లో స్థిరపడిన స్కీ క్రీడాకారుడు యాల్మర్ వామ్ పడి కాలు విరగ్గొట్టుకున్నాక, పడగానే బూటును వదిలేసే బైండింగ్ రూపొందించి 1939లో పేటెంట్ తీసుకున్నాడు. నేటి బైండింగులు ఆ దారిలో వచ్చినవే. కాలు మెలిపడితే ముందు భాగం పక్కకు, మనిషి ముందుకు తూలితే మడమ భాగం పైకి వదిలేస్తాయి. బూటు ఊడగానే రెండు పుల్లల్లాంటి బ్రేకులు కిందికి దిగి, ఖాళీ స్కీ కొండ కిందికి పారిపోకుండా ఆపుతాయి.

ఎంత బలానికి వదలాలో బైండింగ్ మీదున్న చిన్న అంకె చెబుతుంది. దాన్ని మీ బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, అనుభవాన్ని బట్టి సరిచేస్తారు. అందుకే అద్దె కొట్టులో మొహమాటానికి బరువు తగ్గించి చెప్పకూడదు, గొప్పకు ‘కొంచెం వచ్చు’ అనకూడదు. మంచి బైండింగులు వచ్చాక కాలి ఎముకలు విరగడం బాగా తగ్గింది. మోకాలి స్నాయువులకు మాత్రం అవి అంతగా రక్షణ ఇవ్వలేవు. పడిపోతున్నానని తెలిశాక బలవంతంగా నిలదొక్కుకోబోతే మోకాలు మెలిపడే ప్రమాదం ఎక్కువ. పక్కకు కూలబడటం మేలు. జారడం పూర్తిగా ఆగాకే లేవాలి. పడేటప్పుడు చేతికర్ర వదిలేయాలి. పట్టుకునే పడితే బొటనవేలి కీలు దెబ్బతింటుంది.

| గాలి, ఎండ, దాహం |
|---|
| గుల్‌మార్గ్ సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గాలి పీడనం విశాఖ తీరంలో ఉన్నదానిలో ముప్పావు వంతు లోపే. ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. చిన్న గట్టు ఎక్కితే ఆయాసం రావడం సహజం. |
| ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకూ అతినీలలోహిత కిరణాలు పది శాతం దాకా పెరుగుతాయి. కొత్త మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది కాబట్టి గడ్డం కింద, ముక్కు కింద కూడా చర్మం కమిలిపోతుంది. నల్లద్దాలు లేకపోతే కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పడ్డట్టు మంట, నీళ్లు. |
| చల్లని గాలిలో తేమ తక్కువ. ప్రతి శ్వాసతోనూ ఒంట్లో నీరు పోతుంటుంది, దాహం మాత్రం అంతగా తెలియదు. గంటకోసారి గుర్తుపెట్టుకుని తాగాలి. |

మధ్యాహ్నం మంచు మాట వినదు

ఉదయం కుదిరిన విద్య మధ్యాహ్నం రెండింటికి అక్కరకు రానట్టు అనిపిస్తుంది. తప్పు మీది కాదు, ఎండది. పలుచని నీటి పొర జారిస్తుంది గానీ నీరు ఎక్కువైతే రేణువుల మధ్య ఖాళీలన్నీ నిండి, స్కీ అడుగును పీల్చి పట్టుకుంటుంది. తడిసిన రెండు అద్దాలను విడదీయడం కష్టమయ్యేది కూడా ఇందుకే. స్కీ అడుగున కంటికి కనబడీ కనబడనంత సన్నని గాళ్లు చెక్కేది ఆ నీరు బయటకు పోవడానికే.

దేవదారు చెట్ల నీడలో మంచు ఇంకా గట్టిగా, వేగంగా ఉంటుంది. అక్కడి నుంచి ఎండలోకి వచ్చిన క్షణంలో స్కీలు పట్టేస్తాయి, ఒళ్లు మాత్రం అదే వేగంతో ముందుకు పోతుంది. నీడ దాటేముందు మోకాళ్లు వంచి సిద్ధంగా ఉండాలి.

మంచే కురవకపోతే? కశ్మీర్‌కు మంచు తెచ్చేది మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చే పశ్చిమ అలజడులు. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల ‘చిల్లై కలాన్’ అక్కడ గడ్డు చలికాలం. 2024 జనవరిలో ఆ అలజడులు ముఖం చాటేయడంతో గుల్‌మార్గ్ మైదానాలు ఎండుగడ్డితో బోసిపోయాయి, ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు వాయిదా పడ్డాయి. ప్రయాణం ఖరారు చేసుకునేముందు మంచు పరిస్థితి కనుక్కోవడం అవసరం.

మర్నాడు తొడలెందుకు నొస్తాయి?

తిరుమల కొండ నడిచి ఎక్కినవాళ్లకు తెలుసు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేటప్పుడు గుండె దడదడలాడుతుంది. అదే దారిన నడిచి దిగితే మర్నాడు కుర్చీలోంచి లేవడం గగనమవుతుంది. ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు బరువును ఆపుతూనే సాగుతుంది. సాగుతూ బరువు మోసే పనిలోనే కండర పోగులకు సూక్ష్మమైన చిరుగులు ఎక్కువగా పడతాయి. స్కీయింగ్ అంటే రోజంతా దిగడమే. అందుకే నొప్పి అప్పుడు కాక, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. ‘లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయింది’ అనే మాటలో నిజం లేదు. అది గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి పోతుంది.

దీనికి మందు కూడా దిగడంలోనే ఉంది. ముందొకసారి ఆ పని చేసిన కండరం రెండోసారి అంతగా దెబ్బతినదు. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు నుంచి అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు మానేసి మెట్లు దిగండి. మొదటి రోజుకు చేయగలిగిన సన్నాహాల్లో ఇంతకంటే చవకైనది లేదు.

ఒక్కరోజులో ఎంతవరకు?

శిక్షకుడు దగ్గరుంటే చాలామంది ఒక్కరోజులో పిజ్జాతో ఆగడం, అటూ ఇటూ తిరగడం నేర్చుకోగలరు. అది నేర్చుకున్నంత మాత్రాన గొండోలా రెండో దశ ఎక్కి, సుమారు 3,950 మీటర్ల ఎత్తులోని అఫర్వట్ స్టేషన్ నుంచి స్కీలతో దిగాలనుకోవడం ప్రమాదకరం. అక్కడ చాలాచోట్ల మంచును ఎవరూ చదును చేయరు, హిమపాతాలు విరుచుకుపడతాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఒక హిమపాతం విదేశీ స్కీయర్ ప్రాణం తీసింది. మొదటి రోజు దిగువ వాలులోనే గడపండి. మనం కోరకుండానే మంచు జారుస్తుంది కాబట్టి ఆ రోజంతా ఆపడం నేర్చుకోవడానికే ఖర్చుపెట్టండి. కోరుకున్నచోట ఆగగలిగే వరకు పై వాలు ఎక్కకండి.